రెండో గుర్తు

ఈశ్వరి టీచరుకి సముద్రం గురించి ఏమీ తెలియదు. ఈ ముక్క ఇప్పుడైతే ఆవిడే ఒప్పుకుంటుంది. కొత్తవలస దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. నారుమడి గురించి అడగండి, ఊడ్పుల గురించి అడగండి, పొద్దుగూకేదాకా చెబుతుంది. తెప్పలపేట బడికి బదిలీ అయి వచ్చిన ఆరేళ్ళలో మాత్రం మోకాలి లోతు దాటి ఎప్పుడూ నీళ్ళలోకి దిగలేదు. అలాంటి మనిషి, సముద్రమే బతుకైన ఊరికి సముద్రం గురించి జాగ్రత్తలు చెప్పబోయింది. ఊరికే ఉండొచ్చు కదా? ఉండలేదు.

అది జూన్ నెల. రెండు నెలల వేట నిషేధం ఆ రోజుతో తీరుతోంది. తెప్పలపేటలో ఇరవై ఎనిమిది పడవలకి రంగులు వేసి, ఇంజన్లు బాగుచేయించి, వలలు సర్దిపెట్టుకుని ఊరు ఊరంతా తెల్లారడం కోసం కాచుకుని ఉంది. ఈశ్వరి అరసవల్లిలో తన అద్దె వాటాలో కూర్చుని టీ తాగుతోంది. పాత ట్రైనింగు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. రేపూ ఎల్లుండీ మన తీరంలో ఇరవై అడుగుల అలలు లేస్తాయి, మీవాళ్ళందరికీ పంపండి అని. కింద రాసినవాడి పేరు లేదు. ఎర్ర బొమ్మలు మాత్రం వరసగా ఉన్నాయి.

'మీవాళ్ళు' అనగానే ఆవిడకి తెప్పలపేట గుర్తొచ్చింది. అందుకు మెచ్చుకోవాలి. ఆ తర్వాత చేసినదానికి మెచ్చుకోలేం. ముందూ వెనకా చూడకుండా దాన్ని బడి గ్రూపులో పెట్టేసి, దయచేసి ఎవరూ వేటకి వెళ్ళవద్దని కింద తన మాట కూడా చేర్చింది.

టీచరమ్మ చెప్పింది కదా అని ఊరు నమ్మింది. రెండు రోజులు ఒక్క పడవ కదల్లేదు. సముద్రం చూస్తే హాయిగా, బుద్ధిగా ఉంది. పక్క ఊళ్ళ పడవలు వెళ్ళి, మునిగేంత చేపతో తిరిగొచ్చాయి. వాటిని తెప్పలపేట మగవాళ్ళు ఒడ్డున నిలబడి చూశారు. మూడో రోజు వీళ్ళు వెళితే వలలో నాచు పడింది.

ఎవరూ ఈశ్వరిని తిట్టలేదు. తిట్టినా బాగుండేది పాపం. ఊళ్ళో అందరికంటే పెద్ద వేటగాడు గంగులు, ఆయన మాటంటే పడవలన్నిటికీ లెక్క, బడి గ్రూపులోంచి ముందు ఆయన వెళ్ళిపోయాడు. సాయంత్రానికి అరవై ఒక్క మందిలో ముప్పై ఎనిమిది మంది వెళ్ళిపోయారు. పిల్లలు కూడా తక్కువ తినలేదు. రేపు సెలవర్రా అని ఈశ్వరి చెబితే, నిజమేనా అని వంట చేసే దేముడమ్మని అడిగి మరీ ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు. తన ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో అంత అవమానం ఆవిడ ఎరగదు. బదిలీకి దరఖాస్తు నింపి హ్యాండుబ్యాగులో పెట్టుకుని వారం రోజులు తిరిగింది.

ఇవ్వలేదు. ఇచ్చేసి పారిపోతే ఆ ముప్పై ఎనిమిది మందీ తనను జీవితాంతం ఇలాగే గుర్తుపెట్టుకుంటారు. ఈ ఊరు తన మాట మళ్ళీ నమ్మాలి. ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు. ఎలాగో తెలియదు గానీ, ఎక్కడ మొదలెట్టాలో తెలుసు. తనకు ఎవరూ నేర్పనిది పిల్లలకి నేర్పాలి.

ఐదో తరగతిలో పద్నాలుగు మంది. ఒక్కొక్కరికీ ఒక నోటుబుక్కు ఇచ్చింది. తెలుసుకున్న సంగతి పైన రాయాలి. దాని కింద మూడు ప్రశ్నలకి జవాబు రాయాలి: ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు, ఎప్పటి మాట. ఈ మూడూ లేకపోతే ఆ సంగతి కొట్టివేత.

మొదటి వారం పుస్తకాలు దిద్దుతూ ఈశ్వరి తల పట్టుకుంది. ఉప్పు ఎలా తయారవుతుందో రాసి, ఎవరు చెప్పారు అన్నచోట గూగుల్ అని రాశాడొకడు. గూగుల్‌కి ఎలా తెలుసు? టీచర్ ఫోన్లో ఉంటాది కాబట్టి. ఎప్పటి మాట? రెండో పీరియడ్. ఇంకొకడు తాబేలు నూట యాభై ఏళ్ళు బతుకుతుందని రాసి, పదిమంది చెప్పారు కాబట్టి నిజమన్నాడు. ఎవర్రా ఆ పదిమందీ అంటే తన వెనక బెంచీల వాళ్ళ పేర్లు చదివాడు. ఆ పదిమందికీ చెప్పింది వీడే.

నవ్వొచ్చింది ఈశ్వరికి. వెంటనే నవ్వు ఆగిపోయింది. ఆ అలల మెసేజ్ తనకి మూడు గ్రూపుల్లో వచ్చింది. మూడుచోట్ల వచ్చింది కాబట్టి నిజమే అయి ఉంటుందని ఆ రోజు తనూ అనుకుంది.

నోటుబుక్కుని నిజంగా పట్టించుకున్నది ఒక్క పిల్ల. అనూరాధ. గంగులు మనవరాలు. వాళ్ళమ్మ లక్ష్మణమ్మ రాజాం మార్కెట్టుకి చేపల గంప తీసుకెళ్ళే ఆడవాళ్ళలో గట్టి గొంతు మనిషి. ఆ గొంతు పిల్లకి రాలేదు, పట్టుదల మాత్రం వచ్చింది. అన్నం దగ్గర, వల దగ్గర, పడుకోబోయే ముందు, నీకెలా తెలుసు, నీకెలా తెలుసు అని ఇంట్లో అందర్నీ పీక్కు తినడం మొదలెట్టింది. ఓ రోజు గంగులు తిన్నగా బడికి వచ్చేశాడు. గ్రూపులోంచి పోయాక ఆయన ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు.

"ఏటమ్మా ఈ సదువు? తుపాను ముందు కాకులు లోపలికి పోతాయని సెప్తే, ఎప్పుడు సూశావు తాతా, తేదీ సెప్పు అంటాది. నానేటి పోలీసోడి ముందు నిలబడ్డానా?"

ఈశ్వరికి భయమేసింది. అయినా నోరు ఊరుకోలేదు. కోపం తెచ్చుకోకండి గంగులు గారూ, నాకు నిజంగా తెలియక అడుగుతున్నాను, నీళ్ళమీద గీతా లేదు, రాయీ లేదు, చేప ఉండే చోటికి మళ్ళీ మళ్ళీ సరిగ్గా అక్కడికే ఎలా వెళతారు అంది.

గంగులు ఆవిడని కాసేపు ఎగాదిగా చూశాడు. ఆరేళ్ళలో ఈ ప్రశ్న ఆవిడ అడగలేదు మరి. అక్కడే ఇసకలో కూలబడి పుల్లతో గీశాడు. నీళ్ళ అడుగున రాళ్ళున్న చోట చేప ఉంటుంది. పడవలోంచి ఒడ్డుకేసి చూస్తే తాటితోపు వెనక కొండ శిఖరం కనబడుతుంది. ఆ రెండూ ఒక వరసలోకి రావాలి. అది ఒక గుర్తు. అది చాలదు, ఎందుకంటే ఆ వరసలో ముందుకి పోయినా వెనక్కి పోయినా తోపూ కొండా అలాగే కనిపిస్తాయి. ఇప్పుడు తల పక్కకి తిప్పి లైట్‌హౌసుకేసి చూడాలి. అదీ గుడి గోపురమూ ఒక వరసకి రావాలి. ఆ గీతా ఈ గీతా ఎక్కడ కలిస్తే అక్కడ వల వెయ్యాలి. అప్పటిదాకా చిన్నపిల్లలా కుర్చీ అంచున కూర్చున్న ఈశ్వరి, తెలియకుండానే ఇసకలో ఆయన పక్కన చతికిలబడింది.

ఒకే వైపు పది గుర్తులు పెట్టుకుంటే సరిపోదా అని అడిగింది.

"ఒక పక్కనివి పదున్నా ఒకటే గుర్తమ్మా. రెండోది వేరే పక్క నుంచి రావాల. లేపోతే సముద్రం పొడుగునా తిరుగుతుండాల్సిందే."

గంగులు చేతులకి అంటిన ఇసక దులుపుకుని, నవ్వకుండా వెళ్ళిపోయాడు. ఈశ్వరి మాత్రం ఆ గీతల చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టించింది. మర్నాడు పద్నాలుగు మందినీ వాటి చుట్టూ నిలబెట్టి పాఠం చెప్పింది. ఈ ఊరి పిల్లలకి పుట్టుకతో తెలిసిన సంగతిని తను బయటినుంచి తెచ్చిన మాటలతో చెప్పాలని నెల రోజులు కొట్టుకుంది! పదిమంది ఒకే మెసేజ్ పంపితే అది ఒకే పక్క. పుస్తకం చూసి టీచరు చెబితే, టీచరూ పుస్తకమూ ఒకే పక్క. రెండో గుర్తు వేరే పక్కనుంచి రావాలి. చెప్పడం పూర్తవ్వకముందే తాబేలు పిల్లాడు లేచి తన పుస్తకంలో నూట యాభై ఏళ్ళని కొట్టేసుకున్నాడు. ఆ నోటుబుక్కులకి ఆ రోజునుంచి గుర్తుల పుస్తకాలని పేరు.

నవంబరు వచ్చింది. వేట బాగుంది. అప్పుడు దిగింది ఆ వీడియో. ఎవరో ఇద్దరు మనుషులు ట్రేల నిండా ఉన్న చేపలమీద ఏదో పిచికారీ చేస్తుంటారు. శవాలు కుళ్ళకుండా పూసే మందు ఈ తీరం చేపలకి కొడుతున్నారు, తింటే ఆసుపత్రే అని ఒక గొంతు తెలుగులో చెబుతుంటుంది. రెండు రోజుల్లో రాజాం అంతా తిరిగింది. పదేళ్ళుగా లక్ష్మణమ్మ దగ్గర తప్ప కొనని భోజనం హోటలు నరసింగరావు కూడా గంప దింపొద్దన్నాడు. వెళ్ళిన గంపలు వెళ్ళినట్టే తిరిగొచ్చాయి. నాలుగో రోజు పిల్లలు టిఫిను లేకుండా బడికి రావడం ఈశ్వరి చూసింది. మధ్యాహ్నం దేముడమ్మ వండిన అన్నం దగ్గర వాళ్ళు కంచాలు ఖాళీ చేసి మళ్ళీ వరసలో నిలబడడమూ చూసింది.

అదే మధ్యాహ్నం ఐదో తరగతి ఆ వీడియోని పట్టుకుని కూర్చుంది. ఆపి ఆపి చూశారు. ట్రేలో ఉన్నది బొచ్చ చేపని ముందు ఎవరన్నారో తెలియదు, అందరూ ఒక్కసారే అన్నారు. బొచ్చ చెరువు చేప. వెనకాల గోడమీద రాతలు తెలుగువి కావు. మనుషుల పెదాలు ఒకలా కదులుతుంటే గొంతు ఇంకొకలా ఉంది. ఈశ్వరి వెతికితే మూడేళ్ళ కిందటి అదే వీడియో దొరికింది, తెలుగు గొంతు లేకుండా.

ఆవిడకి ఒళ్ళు పులకరించింది. ఇదీ అవకాశం. ఫోను తీసి గబగబా రాసింది. వీడియో అబద్ధం, మన చేపలు మంచివి, నిర్భయంగా తినండి. బడి గ్రూపులోనూ, రాజాంలో తెలిసిన టీచర్ల గ్రూపులోనూ పెట్టేస్తే అయిపోతుంది. బొటనవేలు మీటమీదికి వెళ్ళింది.

"టీచర్, రెండో గుర్తు ఏది?"

అనూరాధ. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అడుగుతోంది, మామూలుగా, అన్నం తిన్నారా అన్నట్టు. ఏమిటే నీ గోల, ఇన్ని చూశాం కదా అంది ఈశ్వరి. పిల్ల తల అడ్డంగా తిప్పింది.

"అవన్నీ ఒక పక్కవే కదా టీచర్. ఆ వీడియో మనది కాదని తెలిసింది. మన చేప మంచిదని ఎలా తెలిసింది?"

ఈశ్వరి వేలు గాల్లో ఆగిపోయింది. జూన్‌లో ఇలా ఎవరైనా అడిగి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది. రాసిందంతా చెరిపేసింది. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఏది ఎక్కువో ఆవిడకే తెలియదు.

వేరే పక్కంటే చేపనే పరీక్ష చెయ్యాలి. సచివాలయంలో మత్స్యశాఖ తరఫున పనిచేసే నరేష్ అనే కుర్రాడున్నాడు. చేపమీద కాగితం ముక్క రుద్ది, మందు చుక్క వేసినప్పుడు రంగు మారితే కల్తీ ఉన్నట్టట. ఆ పెట్టె జిల్లా ఆఫీసులో ఉంది. నరేష్ రెండుసార్లు రేపన్నాడు. మూడోసారి ఐదో తరగతి మొత్తం వెళ్ళి అతని బల్లముందు పుస్తకాలు తెరిచి నిలబడేసరికి, ఏ తేదీన తెస్తాడో చెప్పక తప్పలేదు.

ఆదివారం ఆరింటికి ఒడ్డున ఏడు గంపలు దించారు. ఈశ్వరి తొలి ఆటోకి వచ్చింది. ఆడవాళ్ళ మొహాలు చూస్తే పెళ్ళికి వచ్చినట్టు లేవు.

"రంగు మారిపోతే ఏటి సేస్తావు టీచరమ్మా? అదీ రాసీసి ఊరంతా తిప్పుతావేటి?" అని లక్ష్మణమ్మ అడిగింది.

రాస్తానంది ఈశ్వరి. ఏది వస్తే అదే రాస్తాం, లేకపోతే రాయడమెందుకు అంది. పైకి అంత ధీమాగా అందే గానీ, ఉన్న దేవుళ్ళందరికీ లోపల మొక్కుకుంది. ఐసులో ఏం కలుపుతారో ఆవిడకేం తెలుసు? రంగు మారితే ఈ ఊరికి తను రెండోసారి చేసే ద్రోహం ఇది. నరేష్ ఒక్కొక్క గంపా రుద్దుతున్నాడు. గంగులు దూరంగా పడవకి ఆనుకుని చూస్తున్నాడు. మొదటిది మారలేదు. రెండోది మారలేదు. ఏడూ మారలేదు. ఈశ్వరి ఇసకలో కూర్చుండిపోయింది.

ఆడవాళ్ళు గంపలు ఎత్తబోతుంటే అనూరాధ ఆగమంది. పుస్తకం పట్టుకుని ఒక్కొక్క చేప మొప్ప ఎత్తి చూస్తోంది. చివరి గంప దగ్గర ఆగి, చాలాసేపు చూసి, రాసింది. ఏం రాశావే అని వాళ్ళమ్మ అడిగితే చదివింది. ఆరు గంపల్లో మొప్పలు ఎర్రగా ఉన్నాయి, ఈ రోజు చేప. ఒక గంపలో పాలిపోయి ఉన్నాయి, నిన్నటి చేప. ఆ గంప మా అమ్మ లక్ష్మణమ్మది. చూసింది అనూరాధ, ఐదో తరగతి, ఆదివారం ఉదయం ఆరున్నర.

ఇక చూడండి. లక్ష్మణమ్మ గొంతు లైట్‌హౌసు దాకా వినిపించింది. కడుపున పుట్టిన పిల్లే కొంప ముంచుతోందనీ, ఊరి చేపని కాపాడమంటే తల్లి గంపని బజారుకి ఎక్కిస్తోందనీ, ఈ చదువు చెప్పిన నోరు పడిపోనూ అనీ. ఆ ఒక్క లైనూ చెరిపించమని ఈశ్వరి మీదికొచ్చింది. నిన్న అమ్ముడుపోక మిగిలిన చేప, పారెయ్యలేక తెచ్చిన చేప. ఈశ్వరికి తెలుసు. చెరిపితే ఎవరికీ తెలియదు, చెరపకపోతే ఈ మనిషి ఇక జన్మలో తనతో మాట్లాడదు.

"అది నేను రాసింది కాదు లక్ష్మణమ్మా. పిల్ల కంటితో చూసి రాసింది. తప్పుగా చూసిందంటే చూపించు, నేనే కొట్టేస్తాను."

లక్ష్మణమ్మ వంగి తన గంపలోని కానాగంత చేప మొప్ప తనే ఎత్తింది. ఎన్ని వేల చేపలు చూసిన చెయ్యి అది. గంపని ఇసకమీద బోర్లించి, ఎండబెట్టమని తోటికోడలికి అప్పగించింది. పిల్ల ఇంకో లైను రాసింది, ఆ గంప అమ్మడానికి పంపలేదు, ఎండబెట్టారు అని.

ఈశ్వరీ గంపల ఆడవాళ్ళూ ఆ పేజీని రాజాంలో జిరాక్సు తీయించారు. వీడియో గురించి తెలిసినవన్నీ ఒక పక్కన, నరేష్ పరీక్ష వేరే పక్కన, ప్రతి మాట కిందా ఎవరు, ఎలా, ఎప్పుడు. కింద నరేష్ సంతకం, ఫోను నంబరు. గంప లేకపోయినా లక్ష్మణమ్మ కూడా కూతుర్ని వెంటబెట్టుకుని ఆటో ఎక్కి వచ్చింది. తను లేకుండా రాజాంలో వీళ్ళేం మాట్లాడతారని ఆవిడ ధీమా.

మార్కెట్టులో అందరూ చూస్తుండగా నరసింగరావు కాగితం అందుకున్నాడు. చదువుతూ పెదవి విరిచాడు. మీ చేప మంచిదని మీరే రాసుకుంటే ఎవడు నమ్ముతాడమ్మా అన్నాడు. కాగితం వెనక్కి ఇచ్చేస్తూ ఇచ్చేస్తూ ఆయన కింది లైన్ల దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు. తలెత్తాడు.

"ఈ నిన్నటి చేప లక్ష్మణమ్మ, నువ్వేనా?"

లక్ష్మణమ్మ నడుంమీద చెయ్యి వేసుకుంది.

"నానే. రాసింది నా కూతురే. పదేళ్ళనుంచి నీకు సేప వేస్తన్నాను. ఈ రోజు నా గంప తేలేదు. ఎందుకు తేలేదో అందులో ఉన్నాది, సదువుకో."

నరసింగరావు నరేష్‌కి ఫోను చేశాడు. రెండు నిమిషాలు మాట్లాడాడు. ఫోను జేబులో పెట్టుకుని, సొంత తల్లి గంప బాగోలేదని రాసిన పిల్ల మిగతా ఆరూ బాగున్నాయంటే నేను నమ్ముతానని చుట్టూ ఉన్నవాళ్ళు వినేలా అన్నాడు. రెండు గంపలు దింపించుకున్నాడు. ఆ కాగితం అడిగి తీసుకుని హోటలు గోడకి అంటించాడు. తర్వాత జనం ఎగబడ్డారు. పదకొండింటికి గంపల్లో నీళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. లక్ష్మణమ్మ కూతుర్ని పట్టుకుని నడిబజారులో ముద్దులు పెట్టేసింది. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. ఈశ్వరి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, దాచుకోవాలని కూడా చూడలేదు.

సాయంత్రం ఖాళీ గంపలతో ఆటో తెప్పలపేటలో ఆగేసరికి ఈశ్వరి ఫోను మోగడం మొదలెట్టింది. గ్రూపులో మళ్ళీ చేర్చమని ఒకరి తర్వాత ఒకరు. అడిగినవాళ్ళని అడిగినట్టు చేరుస్తూ ఆవిడ ఒడ్డుకి నడిచింది. అరవై అయ్యారు. నరసింగరావు కూడా తనని చేర్చమన్నాడు, ఇకనుంచి ప్రతి ఆదివారం ఆ పిల్ల రాసేది చూడాలట. అరవై ఒకటి. గంగులు ఒక్కడూ మిగిలాడు.

ఆయన పడవ దగ్గరే ఉన్నాడు. ఆవిడని చూసి లేచి, ఫోను చాచాడు. రేపు సముద్రం పొంగుతుందని ఎవరో పంపిన మెసేజ్. కింద పేరు లేదు.

"ఇది నిజమేనేటమ్మా?" అని అడిగాడు.

ఐదు నెలల కింద ఈ ఊరు పోగొట్టుకున్న నమ్మకమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉందని ఈశ్వరికి తెలిసింది. తెలియదు గంగులు గారూ, చూసి చెబుతానంది. వాతావరణ శాఖ వాళ్ళ పేజీ తెరిచి, తేదీ చూసి, మన తీరానికి రేపు ఏ హెచ్చరికా లేదని చదివింది. చదివి ఆగింది.

"ఇది ఒక పక్క గుర్తే. రెండోది నా దగ్గర లేదు."

గంగులు నీళ్ళకేసి తిరిగాడు. గాలిని చూశాడు, దూరంగా అల విరిగే చోటు చూశాడు. తొందరపడలేదు.

"రెండోది నాను సెప్తాను. నీరు బాగున్నాది. రాయమ్మా, గంగులు సూసి సెప్పాడని. ముందు నన్ను గ్రూపులో ఎక్కించు."

ఈశ్వరి ఎక్కించి, రాసింది. రెండు గుర్తులూ రాసి, చూసిన వేళ రాసి, కింద రెండు పేర్లూ పెట్టింది. మర్నాడు బడికి వచ్చేసరికి ఒడ్డు ఖాళీగా ఉంది. ఇరవై ఎనిమిది పడవలూ వేటకి వెళ్ళిపోయాయి.